శెట్టిగారి నోట లారీ మాట

దెయ్యాల మాట ఎత్తితే నవ్వే మనిషిని నేను. ఒడిశా ఘాట్ రోడ్డులో లారీ తోలినన్నాళ్లూ, మలుపులో తెల్లచీర ఆడమనిషి చెయ్యెత్తిందని క్లీనర్లు వణికిపోతే, "ఎక్కించుకోలేకపోయావా, కబుర్లకైనా పనికొచ్చేది" అనేవాణ్ణి. అలాంటి నేనే ఇది రాస్తున్నాను.

మాది సాలూరు. కొడుకు లారీ మీద లైన్లకి వెళ్తే వారాల తరబడి రాడు. కోడలు రామలక్ష్మి ఇళ్లకు వెళ్లి రోగుల్ని చూసే నర్సు. ఒక వారం పగటి డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. రాత్రి డ్యూటీ వారంలో ఆమె పగలు నిద్రపోతుంటే, మూడేళ్ల మనవరాలు చిన్ని ఆమె పొట్ట మీద కూర్చుని ఆడుకుంటుంది. పగటి డ్యూటీ వారంలో చిన్నికి నేనే దిక్కు.

ఆమె చూసే రోగి, ఊరికి అవతలి చివర ఉండే బట్టల కొట్టు శెట్టిగారు. పక్షవాతంతో పడిపోయి, మాట పోయి, నెలలు గడిచాయి. ఆయనంటే నాకు కడుపుమంట. దాచుకోను. ఆయనకు చెంచాతో జావ పట్టేది నా కోడలు. గెడ్డం గీసేది నా కోడలు. నాకేమో గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "సద్ది కుండలో ఉన్నాది మావా, నువ్వు తిని గుంటకెట్టు" అని ఒక్క కేక. మా వైపు గుంటంటే ఆడపిల్ల. ఓసారి కళ్లు తిరుగుతున్నాయని అబద్ధమాడి బీపీ చూపించుకున్నాను. "నీకేటీ నేదు మావా, గుర్రంలాగున్నావు" అంది. ఆ రోజంతా దిగులుగా గడిపాను.

చిన్నిదీ నా జబ్బే. "అమ్మ ఆ తాతకే అన్నమెడతాదా?" అని అడిగేది. "ఆ తాతకే" అనేవాణ్ణి, కాస్త ఎగదోస్తూ.

ఆ రోజు రాత్రి డ్యూటీ ముగిసినా, పగలు చూడాల్సిన అమ్మాయి రాలేదని రామలక్ష్మి అక్కడే ఉండిపోయింది. చిన్ని పొద్దుటి నుంచీ అలిగి కూర్చుంది. మధ్యాహ్నం అరుగు మీద పక్కన పడుకోబెట్టుకుని నేనూ కన్ను మూశాను.

ఫోన్ మోగింది. "మావా, గుంటెక్కడ?"

"నా పక్కనే..." అంటూ తడిమాను. లేదు.

"లారీ కింద సూడు! ఎల్లు మావా, ఎల్లు!"

మా వీధిలో లోడు కోసం లారీలు వరసగా ఆగి ఉంటాయి. ఎండ వేళ వాటి కిందే గోనెలు పరుచుకుని పడుకుంటాం. మా వీధిలో నీడంటే అదే. చిన్నికి ఆ నీడ అలవాటు చేసింది నేనే. ఎదుటి లారీ ఇంజను అప్పటికే స్టార్టయి ఉంది. దాన్ని ఛాతీ అడ్డుపెట్టి ఆపానని వీధిలో చెప్పుకుంటాను. నిజానికి ఒక చేత్తో లుంగీ పట్టుకుని, రెండో చేత్తో డోరు మీద బాదాను. వెనక చక్రం ముందు, గోనె మీద, చిన్ని నిద్రపోతోంది.

"అడుగున సూడనేదు మావా" అంటూ డ్రైవరు ఇంజను ఆపేసి దిగాడు.

నేను చెప్పే కథలో, ఆ వేళకి శెట్టిగారు మంచం మీద లేచి నిలబడి పొలికేక పెట్టాడు. కిటికీ అద్దాలు కూడా పగిలాయి. అవన్నీ నా సొంత కల్పన. రామలక్ష్మి చెప్పింది ఇంతే: జావ పడుతుంటే ఆయన చెంచా తోసేసి, "లారీ కింద గుంట" అన్నాడు. తర్వాత జావ తాగాడు. ఇప్పటికీ ఆ నోట మరో మాట లేదు.

ఇంటి కబుర్లు డ్యూటీలో ఎత్తనని ఆమె ఒట్టేసింది. ఎత్తిందనే అనుకుందాం. మా వీధిలో లారీలుంటాయని ఊరందరికీ తెలుసనీ అనుకుందాం. అయినా సరిగ్గా ఆ నిమిషానే ఎందుకు?

మర్నాడు చిన్నిని ఎత్తుకుని శెట్టిగారింటికి వెళ్లాను. "ఎలా తెలిసింది బాబూ?" అని అడిగాను. "ఆయన్ని ఇసిగించకు మావా" అని రామలక్ష్మి నన్ను పక్కకు జరిపి, ఆయన పెదవి తుడిచింది. చిన్ని నా చంకలోంచి జారి, ఆయన మంచమెక్కి కూర్చుంది.

అది ఏ శక్తో నాకు తెలియదు. ఆయనకు దండం పెట్టాను, మనస్ఫూర్తిగానే. కానీ పిల్ల లేచి వెళ్లింది నా చేతి కిందనుంచి. ఆ కబురేదో ఊరంతా దాటుకుని కదలలేని మనిషి దగ్గరికి వెళ్లిందే, పక్కనే ఉన్న నా చెవిలో ఎందుకు పడలేదు? ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.