దొరసాని దాచిన చెప్పు

మా పిన్ని దర్జీ. చేతిలో కత్తెర ఉంటే ఎవరి మాటా వినదు, లేకపోయినా వినదు. కన్నవాళ్లు పెంచలేక వదిలేసిన పిల్లల్ని తెచ్చి సాకుతానని ఆవిడ అన్నప్పుడు చుట్టాలందరం ముక్కున వేలేసుకున్నాం. బాబాయి మాత్రం "మనల్నెవరైనా అడిగారా?" అని పేపరు తిప్పాడు.

అలా వచ్చిందే దొరసాని. ఆ ముద్దుపేరు బాబాయి పెట్టిందే. మాటలు రావు, మూర్ఛలొస్తాయి, పొట్టకు అమర్చిన గొట్టంలోంచే తిండి. ఆ గొట్టంతో పనులన్నీ పిన్ని ఆస్పత్రిలో కూర్చుని నేర్చుకుంది. ఇంటిని ఏలడం మాత్రం దొరసానికి ఎవరూ నేర్పలేదు.

నచ్చనివాళ్లొస్తే వాళ్ల చెప్పులు రెండూ తెచ్చి ముందు పెడుతుంది, ఇక దయచేయమని. నచ్చినవాళ్లవైతే ఒకటి మాయం చేస్తుంది, వాళ్లు ఇల్లు కదలకుండా. బస్సు డ్రైవరైన బాబాయి ఒక కాలికి నల్లది, ఇంకో కాలికి గోధుమరంగుది తొడుక్కుని డ్యూటీకి వెళ్లేవాడు. డిపోలో నవ్వితే, "మా ఇంట్లో నాకున్న గౌరవం మీకేం తెలుసురా!" అనేవాడు. నాకు మాత్రం ఎప్పుడూ రెండూ తెచ్చి పెట్టేది. ఆ కుళ్లు నాకింకా ఉంది.

ఒకరోజు పిల్లల సంక్షేమ శాఖ ఆఫీసరమ్మ కారులో వచ్చింది. దొరసానిని నర్సులుండే పెద్ద హోముకి మార్చాలంది. పిన్ని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీరు బాగానే చూస్తున్నారమ్మా. కానీ పిల్ల మనసులో ఏముందో ఎలా తెలుస్తుంది? నోరు లేదు కదా."

ఆవిడ మాట పూర్తికాకముందే దొరసాని కాలీడ్చుకుంటూ వచ్చి, ఆవిడ చెప్పులు రెండూ ఆవిడ ఒళ్లోనే పెట్టింది. బాబాయి నవ్వాపుకోలేక దగ్గాడు. పిన్ని సిగ్గుతో చచ్చిపోతూ చెప్పుల సంగతంతా చెప్పుకోవాల్సి వచ్చింది.

"బాగుంది," అంది ఆఫీసరమ్మ, చెప్పులు కింద పెట్టి చీర దులుపుకుంటూ. "ముందు ఒక్క వారం అక్కడ ఉంచి చూద్దాం. తయారుచేయండి."

పిన్ని బ్యాగులో మందులు, గొట్టాలు, తను కుట్టిన గౌన్లు సర్దింది. "పిల్లకి చెప్పులు తొడగండి," అంది బాబాయితో.

దొరసాని చెప్పు ఒకటే కనబడింది. రెండోదాని కోసం మంచం కింద, బీరువా వెనక గాలించాం. ఆఫీసరమ్మ కూడా కొంగు దోపుకుని వంగి వెతికింది. చివరికి పిన్ని కుట్టుమిషన్ సొరుగు లాగింది. దారపు ఉండల కింద, బాబాయి నల్ల చెప్పు పక్కనే ఉంది.

ఆఫీసరమ్మ ఆ బుల్లి చెప్పును కాసేపు చేతిలో పట్టుకుని చూసింది. మళ్లీ అక్కడే పెట్టి సొరుగు మూసింది.

"పిల్ల ఇక్కడే ఉంటానందని రాస్తాను," అని, తన చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.

పిన్ని దొరసానిని గట్టిగా హత్తుకుని, ఏడుస్తూనే తిట్టింది. "దారాల్లో చెప్పులేంటే? ఎవరు కడుగుతారే అవన్నీ?"