బదులు పలకని గోవిందా

కిందటేడు మా వదినతో కలిసి ధర్మవరం నుంచి కదిరి నరసింహస్వామి దగ్గరికి నడిచి వెళ్లాను. దారిలో పాటలు వినాలని, చెమటకు చెడిపోని, నడకకు జారిపోని ఇయర్‌ఫోన్ల కోసం ఊళ్లో షాపులన్నీ తిరిగాను. "పక్కన లారీ పోయినా ఇనపడదక్కా" అన్నాడు ఒక షాపతను. ఆ మాటకే కొనేశాను.

నడిచి వెళ్లేవాళ్లలో ఒక పద్ధతుంది. వెనకవాళ్లు "గోవిందా" అంటే ముందువాళ్లు "గోవిందా" అని పలకాలి. బదులు వస్తే తోడు ఉన్నట్టు.

ముదిగుబ్బ దాటాక ఒక పాట ఎంతో హాయిగా అనిపించింది. వదినకూ వినిపిద్దామని వెనక్కి తిరిగాను. రోడ్డు మీద ఎవరూ లేరు. వచ్చిన దారినే పరుగెత్తాను.

చాలా దూరాన తుమ్మచెట్టు కింద, వాచిన మడమ పట్టుకుని కూర్చుని ఉంది వదిన.

"కాలు మడతబడినప్పట్నుంచీ గోవిందా అంటానే ఉండా. నువ్వు పలకల్యా" అంది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది.

నేను ఏడుస్తుంటే, "ఏదీ, ఇట్లియ్యి" అని ఇయర్‌ఫోన్లు తీసుకుని చెవుల్లో పెట్టుకుంది. కాసేపు విని నా చేతికిచ్చేసింది.

"శానా బాగుండాయి. నీ ఏడుపు గూడా ఇనపడల్యా."

వదిన మడమ బాగైంది. ఇయర్‌ఫోన్లు గట్టి సరుకే, ఇంకా పాడవలేదు. పాడైతే బాగుండునని చూసినప్పుడల్లా అనుకుంటాను.