పక్కన పెట్టిన పొట్లం

కొత్తగూడెంలో నాలుగేళ్లు ఉద్యోగం చేశాను. ఆ నాలుగేళ్లూ అక్కడి తిండిని తిట్టని రోజు లేదు. మాది సత్తుపల్లి వైపు. తిండి విషయంలో మావాళ్లకు కాస్త పొగరెక్కువ. పొద్దున్నే బస్టాండు దగ్గర ఇడ్లీ రాళ్లు నమలడం, ఆఫీసుకెళ్లి "ఈ ఊళ్లో బొగ్గు తప్ప ఏముందండీ" అని నలుగురి ముందూ విసుక్కోవడం. అదే నా వరస.

తర్వాత ఆదిలాబాద్‌కు ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చింది. మూడు వారాలు టైముంది. సామాను సర్దడానికి ఖాళీ అట్టపెట్టెలు దొరుకుతాయేమోనని ఒక ఉదయం మా ఇంటి వెనక సందులోకి వెళ్లాను. బస్టాండు అవతలి వైపు కావడంతో ఆ సందులో అంతకుముందు అడుగు పెట్టిన పాపాన పోలేదు.

సందు మధ్యలో ఒక ఇంటి అరుగు. అరుగు మీద పెద్ద గిన్నె, దాని వెనక తెల్లగడ్డం పెద్దాయన. బోర్డు లేదు. బెంచీ మీద డ్యూటీకి వెళ్లే బొగ్గుబాయి కార్మికులు తలెత్తకుండా తింటున్నారు. వేయించిన నువ్వులు, చింతపండు కలిసిన వాసన. అందరూ ఆయన్ని చిచ్చా అంటున్నారు.

"ఖాళీ అట్టపెట్టెలున్నాయా?" అనడిగాను.

"మూలమీది కిరాణంల అడుగు సార్."

నా కాళ్లు కదల్లేదు. "ఇదేంటి?"

"కిచిడీ, ఖట్టా."

ఒక ప్లేటు ఇమ్మన్నాను. ఆయన గిన్నె వంచి అడుగు చూపించాడు. "అయిపోయింది. రేపు జల్దీ రా సార్."

వెనక గూట్లో మోదుగాకు పొట్లాలు ఏడు కనిపిస్తూనే ఉన్నాయి. నాకసలే ముక్కు మీద కోపం. "మరి అవేంటి?"

"అవి రోజు వచ్చేటోళ్లవి సార్. పక్కన పెడ్త."

"వాళ్లు రాకపోతే?"

"పగటీలి బువ్వకు మేమిద్దరం తింటం. బయటోళ్లకియ్యం."

"రాకపోయినా పెడుతూనే ఉంటారా? ఎన్నాళ్లు?" కాస్త వెటకారంగానే అన్నాను.

"వచ్చేదాక," అని గిన్నె లోపలికిచ్చాడు. లోపలున్నది ఆయన భార్య. వంటంతా ఆమెదే.

మర్నాడు ఆరున్నరకే వెళ్లాను. పసుపుపచ్చని ఎర్రపప్పు కిచిడీ, పైన పల్చగా నువ్వుల పులుసు, అదే ఖట్టా. ములకలపల్లి వైపు అడవి చింతపండట. ఆ పులుపు దవడల్లోకి వెళ్లింది. రెండో ముద్దకు నా మీద నాకే కోపమొచ్చింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను. నేను అద్దెకుండే ఇంటామెతో చెబితే నవ్వింది. "మా ఊరి తిండి మీకు సయించదంటిరి గద సార్, ఎట్ల చెప్పాలె?"

ఆ రోజు నుంచి నాకో కోరిక పట్టుకుంది. ఆ గూట్లో నాకూ ఒక పొట్లం ఉండాలి. పోయేవాడికి పొట్లమెందుకు? పక్కన కూర్చునే కార్మికుడు తనకు ఏడాది పట్టిందన్నాడు. నాకు పదిహేడు రోజులున్నాయి. అందుకే అక్కడ ట్రాన్స్‌ఫర్ మాట ఎత్తలేదు. రోజూ తిని లేచేటప్పుడు "రేపొస్తా చిచ్చా" అనేవాణ్ణి.

పన్నెండో రోజు పొద్దున్నే ఆఫీసుకెళ్లి ఫైళ్లు అప్పగించే పనిలో పడి బాగా ఆలస్యమైంది. గిన్నె కడిగి బోర్లించి ఉంది. వెనక్కి తిరగబోతుంటే చిచ్చా గూట్లోంచి ఎనిమిదో పొట్లం తీశాడు. "ఇది నీది సార్." అక్కడే బెంచీ మీద విప్పుకున్నాను. చల్లారిపోయింది. అంత బాగా నేనెప్పుడూ తినలేదు. ఏడాది పట్టేది నాకు పన్నెండు రోజుల్లో దక్కిందని ఎంత పొంగిపోయానో.

చివరి రోజు కూడా చెప్పలేకపోయాను. "రేపొస్తా చిచ్చా" అన్నాను. "మంచిది సార్" అన్నాడు. గంట తర్వాత లారీలో సామానుతో నేనూ బయల్దేరాను.

ఆదిలాబాద్‌లో ఏ హోటల్నీ తిట్టడం లేదు. ఆ నోరు మూతపడింది. రెండు నెలలయ్యాక, నాకేదో ఉత్తరం వచ్చిందని ఇంటామె ఫోన్ చేసింది. చివర్లో, "చిచ్చా మీ పొట్లం ఇంకా పెడ్తనే ఉన్నడు సార్," అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. "నేను వెళ్లిపోయానని చెప్పమ్మా. పాపం, ఆయనకు తెలీదు."

"చెప్పిన సార్. నాకెరుకే అన్నడు. మొదటి దినమే అట్టపెట్టెలు అడుక్కుంట వచ్చిండు, ఊరిడిసి పోయేటోడే గద అన్నడు."

"మరి పొట్లమెందుకు పెడుతున్నాడు?"

"గదే అడిగిన. వచ్చేదాక అన్నడు సార్."

రోజూ మధ్యాహ్నం వాళ్లిద్దరూ నా పొట్లం విప్పుకుని తింటూ ఉంటారు. నాకిక్కడ సరిగ్గా ఆ వేళకే ఆకలేస్తుంది.