తూర్పు గోడ పక్కన మూడోది

ఇది డైరీలో తప్ప ఎక్కడా చెప్పలేదు. అమ్మ చనిపోయే ముందు ఆమెకు ఒక అబద్ధం చెప్పాను.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. బాపట్లలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పని చేస్తాను. యంత్రం తప్పు చేస్తే దానికో కారణం ఉంటుందని నమ్మే మనిషిని.

అమ్మకు క్యాన్సరు ముదిరింది. ఇక తెనాలిలోని ఇంటికే తీసుకెళ్లమన్నారు డాక్టరు. అమ్మ అడిగింది ఒక్కటే. "నన్ను వాడి పక్కన పెట్టండమ్మా."

వాడంటే, నాకంటే ముందు పుట్టి రెండో రోజే పోయిన అన్నయ్య. రేపల్లెలో మా చర్చి సమాధుల తోటలో పూడ్చారు. అమ్మ బాలింత, వెళ్లలేదు. గుర్తుగా సిలువైనా పెట్టలేదు. పూడ్చిన నాన్న, పూడ్చేటప్పుడు అక్కడున్న చర్చి గుమస్తా ఇద్దరూ ఇప్పుడు లేరు. మిగిలింది గుమస్తా చర్చి కంప్యూటర్లో ఎక్కించిన సమాధుల లిస్టు.

రేపల్లె చర్చికి వెళ్లాను. కరెంటు పోయి వచ్చిన దగ్గర్నుంచి ఆ కంప్యూటర్ ఆన్ కావడం లేదు.

"ఏంటమ్మా, దీనిక్కూడా ప్రార్థన పెట్టించాలా?" అన్నారు పాస్టరు అయ్యగారు. నాకు నవ్వు రాలేదు.

పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న లినక్స్ సిస్టమ్‌తో దాని డిస్కు తెరిచాను. బూట్ పార్టిషన్‌లో, అంటే సిస్టమ్ మొదలవడానికి కావలసినవి మాత్రమే ఉండే భాగంలో, ఫైళ్ల పేర్లన్నీ చెడిపోయాయి. ప్రశ్నార్థకాలు, పిచ్చి గీతలు. ఒక్కటి మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో తిన్నగా ఉంది: తూర్పు గోడ 3.

దేన్నైనా బాగుచేసే ముందు ఉన్నదున్నట్టు రాసుకోవడం నా అలవాటు. రాసుకున్నాను. డిస్కు సరిచేసే కమాండు ఇచ్చాక ఆ పేరు పోయింది. సిస్టమ్‌కు మూలమైన కెర్నల్ ఫైలు మళ్లీ ఎక్కిస్తే కంప్యూటర్ పనిచేసింది.

లిస్టు వేరే పార్టిషన్‌లో చెక్కుచెదరకుండా ఉంది. అందులో అన్నయ్య వివరాలున్న వరస దొరికింది. చోటు రాసే గడి ఖాళీ. తూర్పు గోడ అన్న మాట లిస్టులోనే కాదు, డిస్కంతా వెతికినా లేదు.

"లిస్టులో ఉందమ్మా, తూర్పు గోడ పక్కన మూడోది," అన్నాను ఇంటికొచ్చి. అమ్మ ఆ పూట రెండు ముద్దలు తిన్నది. పది రోజులకు పోయింది.

చోటు చూపించింది నేనే. గోడ వెంట రెండు సమాధులు, ఆ తర్వాత ఉత్త గడ్డి. మూడోది ఉండాల్సిన చోటు వదిలి, దాన్ని ఆనుకుని తవ్వమన్నాను. అమ్మను నా అబద్ధంలో పడుకోబెడుతున్నాననుకున్నాను.

ఆ పేరు అక్కడికెలా వచ్చిందో ఈ రోజుకీ చెప్పలేను. ఆ భాగంలో గుమస్తా ఏదీ దాచడు, దాచే వీలూ లేదు.

నడుము లోతుకు దిగిన గొయ్యి తవ్వే మనిషి పార ఆపాడు. వంగి చేత్తో మట్టి తడిమాడు. పైకి చూశాడు.

"పక్కన చిన్న పెట్టె మేకులు తగులుతున్నాయి తల్లీ. నేనిటు జరిగి తవ్వుతాలే, బిడ్డ కదలకుండా."