లస్మవ్వ ఎక్కగలిగే బండి

2022 వానాకాలంలో నేను సూరత్‌లోని ఒక కార్ల షోరూమ్‌లో సేల్స్ కన్సల్టెంటుగా ఉన్నాను. ఆటోమొబైల్ డిప్లొమా అయ్యాక దొరికిన మొదటి ఉద్యోగం అది. హోదాల్లో మాది కింది మెట్టు. పైన టీమ్ లీడర్, ఆ పైన సేల్స్ మేనేజర్. ఆ ఊళ్లోనే అడాజన్‌ పేటలో పెరిగిన తెలుగువాణ్ని కాబట్టి, మగ్గాల పేట ఉధ్నా నుంచి మనవాళ్లెవరు వచ్చినా నాకే అప్పగించేవారు. ఇప్పుడు ఆ వృత్తి మానేసి దగ్గర్లోని హజీరాలో వేరే పని చేస్తున్నాను. అయినా కొత్త సీట్ల ప్లాస్టిక్ కవర్ల వాసన ఎక్కడైనా తగిలితే, పొద్దున్నే షట్టర్ ఎత్తి వరసగా బండ్ల అద్దాలు తుడిచిన ఆ రోజులు గుర్తొస్తాయి.

మల్లేశం తల్లినీ భార్యనూ వెంటబెట్టుకుని వచ్చింది ఆ రోజుల్లోనే. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి మగ్గం పనికి వచ్చి, క్రమంగా సొంత ఖాతా నడిపే స్థాయికి ఎదిగిన మనిషి. ఖాతా అంటే సూరత్‌లో మగ్గాల షెడ్డు. ఎస్‌యూవీ కొనాలని ఇంటి దగ్గరే నిర్ణయించుకుని వచ్చాడు. బావమరిదికి ఫోన్ చేసి చెప్పేశాడు కూడా.

ఏడుగురు కూర్చునే బండి అడిగిన వారికి ఎస్‌యూవీతో పాటు మినీవ్యాన్ కూడా చూపించి పోల్చి చెప్పాలని మా నియమం. నేల నుంచి బండి అడుగు ఎంత ఎత్తులో ఉంది, మూడో వరుసలో మోకాళ్లకు చోటుందా, సీట్లన్నీ నిండాక సామాన్లు ఎక్కడ పెట్టాలి, తలుపు ఎలా తెరుచుకుంటుంది, లోపలి నేల ఎంత ఎత్తు. ఈ వరుస నాకు నిద్రలో లేపినా తప్పేది కాదు. మల్లేశం మొదటి అంశం దగ్గరే ఆగిపోయాడు.

“తమ్మీ, గది నేలకు ఆనినట్టుంది, స్కూల్ వ్యాన్ లెక్క. మా బావమర్ది జూస్తే పిల్లలను దింపొస్తున్నవా అని అడుగుతడు.”

“అడగనీ. గాయినను గూడ ఎక్కించుకపోయి దింపొద్దాం,” అంది భార్య స్వరూప.

తల్లి లస్మవ్వ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. అంతకుముందు ఏడాది తుంటికి ఆపరేషన్ అయిందట. బండి ఎక్కి చూడమంటే, ఇంటి కాడికి తెస్తే చూస్తానంది.

పెద్ద వయసు వారున్న ఇళ్లకు బండిని తీసుకెళ్లి చూపించే వీలు మాకుండేది. దీన్ని ఇంటి డెమో అంటారు. మేనేజర్ సంతకంతో గేట్ పాస్ రాయించుకోవాలి, మీటరు రీడింగ్ నమోదు చేయాలి. ఆదివారం నేనూ మా డ్రైవరూ రెండు బండ్లూ తీసుకుని ఉధ్నా వెళ్లాం. మల్లేశం ఇల్లున్నది ఇరుకు గల్లీ. ఒక వైపు ఖాతా గోడ, మరో వైపు మురుగు మోరీ. షోరూమ్‌లో బార్లా తెరుచుకున్న ఎస్‌యూవీ తలుపు ఇక్కడ గోడకు తగిలి సగంలోనే ఆగింది. వ్యాన్ తలుపు పక్కకు జరిగేది కాబట్టి ఆ చిక్కు లేదు.

లస్మవ్వ గడప దగ్గర నిలబడి రెండింటినీ కాసేపు చూసింది.

“స్వరూపా, తాంబాళం తే. దాని మీద బియ్యం డబ్బా వెట్టు.”

“ఎందుకవ్వా గదంత?” అన్నాడు మల్లేశం.

“తెమ్మన్న గద.”

ఆ డబ్బా బతుకమ్మకు బదులని అప్పుడు స్వరూప నాకు చెప్పింది. దసరాకు ముందు వచ్చే సద్దుల బతుకమ్మ నాడు ఆ గల్లీ ఆడవాళ్లలో అందరికంటే పెద్ద బతుకమ్మ పేర్చేది లస్మవ్వే. ఊరి నుంచి రైల్లో గునుగు పువ్వు తెప్పిస్తుంది. పేర్చిన చేతులే తాపీ నది నీళ్ల దాకా మోయాలన్నది ఆమె పట్టింపు. ఆపరేషన్ అయిన ఏడు ఆటో ఎక్కలేక ఇంట్లోనే ఉండిపోయిందట. ఆ ఏడు ఆమె పేర్చనూ లేదు.

లస్మవ్వ తాంబాళం రెండు చేతులా పట్టుకుని ఎస్‌యూవీ దగ్గరికి వచ్చింది. కాలు ఎత్తింది. బండి లోపలి నేల అందలేదు. కాలు దించింది.

తలుపు పక్కన పిడి ఉందనీ, అది పట్టుకుంటే సులువుగా ఎక్కొచ్చనీ చెప్పాను. లోపలి నేల ఎత్తుగా ఉందని ఎవరైనా అంటే, చెప్పమని మాకు నేర్పిన సమాధానం అదే.

“ఏ చేత్తోని పట్టుకోవాలె బిడ్డా?” అంది.

మల్లేశం కలగజేసుకున్నాడు. “స్వరూప పట్టుకుంటది అవ్వా. నువ్వు ఎక్కినంక నీ ఒళ్లె పెడ్తది.”

“గట్లయితే స్వరూపనే పోనీ. నేనెందుకు?”

కోపంగా అనలేదు. తాంబాళంతో అలాగే వ్యాన్ దగ్గరికి నడిచింది. తలుపు వైపు వీపు పెట్టి, మధ్య వరుస సీటు అంచున కూర్చుంది. తర్వాత ఒక్కో కాలూ లోపలికి తీసుకుంది. బియ్యం డబ్బా కదల్లేదు.

ఆ తర్వాత ఇంటిల్లిపాదీ, పక్కింటి ఇద్దరూ వ్యాన్ ఎక్కారు. గల్లీ చివర స్పీడ్ బ్రేకర్ మీద బండి అడుగు గరగరా రాసుకుంది.

“ఇన్నవా తమ్మీ? నేను మొత్తుకునేది గిదే,” అన్నాడు మల్లేశం, గెలిచినవాడిలా.

“నువ్వు దిగు, తాకదు,” అంది స్వరూప. వెనక సీట్లలో అందరూ నవ్వారు. అతను దిగాడు. నిజంగానే తాకలేదు.

రెండు రోజుల తర్వాత మల్లేశం ఒక్కడే షోరూమ్‌కు వచ్చాడు. ఎస్‌యూవీకి పక్క మెట్టు బిగిస్తే సరిపోదా అని అడిగాడు. ఆ మెట్టు మేమే అమ్ముతాం. సరిపోతుందని చెబితే అక్కడికక్కడే బుకింగ్ అయ్యేది. ఉన్నదున్నట్టు చెప్పాను. మెట్టు బిగిస్తే ఎత్తు తగ్గదు, రెండు మెట్లుగా చీలుతుంది. చేతుల్లో తాంబాళం ఉన్న మనిషికి తన పాదం కనిపించదు. అతను లేచి వెళ్లి ఎస్‌యూవీ తలుపు ఒకసారి తెరిచి మూశాడు.

“మా బావమర్దికి ఏం జెప్పుమంటవ్?”

“మీ అమ్మగారి బండి అని చెప్పండి.”

“నువ్వు గూడ మా స్వరూప లెక్కనే మాట్లాడవడ్తివి,” అంటూ వ్యాన్‌కే సంతకం పెట్టాడు.

ఇక్కడొక ఇబ్బంది వచ్చింది. ఎస్‌యూవీలు యార్డులోనే ఉన్నాయి. వ్యాన్ ఫ్యాక్టరీ నుంచి కేటాయింపు మీద రావాలి. అది దసరా దాటాకే అని తేలింది. డెమో వ్యాన్‌ను సద్దుల నాటి సాయంత్రం ఇప్పించమని మేనేజర్ హితేశ్ భాయ్‌ని అడిగాను. గుజరాత్‌లో దసరాకు బండి ఇంటికి తెచ్చుకోవడం ఆనవాయితీ. ఆ వారంలో డెమో బండికి క్షణం తీరిక ఉండదు. పైగా బుకింగ్ అయిన కస్టమర్‌కు టెస్ట్ డ్రైవ్ అని గేట్ పాస్ మీద ఎలా రాస్తావని ఆయన అడిగారు. పద్ధతి ప్రకారం ఆయన మాట సరైనదే. కుదరదని లస్మవ్వకు ఫోన్‌లో నేనే చెప్పాను. కావాలంటే బుకింగ్ ఎస్‌యూవీకి మార్చుకోవచ్చని, మార్పిడికి రుసుము ఉండదని కూడా చెప్పాను.

“వద్దు బిడ్డా. ఇంకో యేడు ఆగుత,” అంది.

ఆ ఏడు కూడా ఆమె పేర్చలేదు.

మరుసటి ఏడు సద్దులకు మల్లేశం నన్ను పిలిచాడు. ఊరంతా గర్బా సందడి, దారి పొడవునా ట్రాఫిక్. నేను స్కూటర్ మీద ముందే తాపీ నది ఒడ్డుకు చేరాను. వ్యాన్ వచ్చి ఆగింది. తలుపు పక్కకు జరిగింది. లస్మవ్వ ఒడిలో బతుకమ్మ ఆమె ముఖం కనపడనంత ఎత్తుంది. ఒక్కో కాలూ బయటికి తెచ్చి నేల మీద ఆనించింది. ఒక్క క్షణం ఆగి లేచి నిలబడింది. స్వరూప పక్కనే ఉంది కానీ చెయ్యి అందించలేదు. ఇద్దరూ మెల్లగా నీళ్ల వైపు నడిచారు. మల్లేశం తలుపు మూస్తూ, బావమరిది కూడా ఇదే బండిలో వచ్చాడనీ, దారంతా కాళ్లు చాపుకుని నిద్రపోయాడనీ చెప్పాడు.

ఆ ఉద్యోగం మానేసేదాకా, ఏ కుటుంబం వచ్చినా నేను మొదట అడిగిన ప్రశ్న ఒకటే: ఎక్కేటప్పుడు ఎవరి చేతుల్లో ఏముంటుంది? చంటిపిల్ల అని ఒకరు, పూజ సామాన్లని ఒకరు, చేతికర్ర అని ఒకరు చెప్పేవారు. విన్నాక కొందరు బండి మార్చుకున్నారు, కొందరు మార్చుకోలేదు. బండి ఎత్తు నేను టేపుతో కొలిచి చెప్పగలను. ఎక్కేవాళ్ల చేతులు ఖాళీగా ఉంటాయో లేదో వాళ్లను అడిగే తెలుసుకోవాలి.