దండెం మీద మా అత్తగారి ముఖం

మాది గజపతినగరం. వంటపని, బడిలో డ్రాయింగు క్లాసులు అయ్యాక మిగిలిన ఓపికతో చెక్క మీద బొమ్మలు చెక్కి, సిరా పూసి, కాగితం పరిచి, గరిటె వెనకవైపుతో రుద్ది అచ్చులు తీస్తాను. మెషిన్ లేదు. నా భుజమే మెషిన్.

కిందటేడు ఒక ఆదివారం మా అత్తగారి ముఖం అచ్చులు తీశాను. మా ఇంట్లో కాసేపు కదలకుండా కూర్చునేది ఆవిడే మరి. అన్నీ వరండాలో దండేనికి ఆరేసి, భుజం లాగేస్తుంటే గోడకి చేరగిలబడ్డాను.

గేటు దగ్గర ఆటో ఆగింది. "ఓలప్పో! నాకు సెప్పకుండా ఎల్లిపోనావా!" అంటూ అత్తగారి చెల్లెలు ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. పొలం గట్టు గొడవతో అక్కాచెల్లెళ్ళకి ఏళ్ళుగా మాటల్లేవు. సంతకు పోతూ, వరసగా వేలాడుతున్న నలుపు తెలుపు ముఖాలు చూసి, శ్రద్ధాంజలి కాగితాలనుకుని, అక్క పోయిందనుకుంది. నేను నోరు తెరిచేలోపే ఒక అచ్చు లాగి గుండెకి హత్తుకుంది.

పెరట్లోంచి మునగాకు పట్టుకుని అత్తగారు వచ్చారు.

"ఒసే, నువ్వు నా గుమ్మం తొక్కాలంటే నాను సావాలేటే?"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పైగా అచ్చుని హత్తుకున్న చెల్లెలి తెల్లటి పొందూరు చీర మీద తడి సిరాతో అత్తగారి ముఖం అచ్చుగా దిగిపోయింది. కిరసనాయిలుతో తుడుస్తానన్నాను.

"ఉండనీయమ్మా. మా అప్ప మొగం సూసి ఎన్నాళ్ళయినాదో" అంది చెల్లెలు.

అదే చీరతో, అక్కని వెంటబెట్టుకుని సంతకెళ్ళింది.

నా భుజం ఇప్పటికీ లాగుతూనే ఉంది. ఎంత రుద్దినా, ఆ చీర మీద దిగినంత చక్కగా ఇంకో అచ్చు పడలేదు.