ఏడున్నరలోగా నామం

మా నాన్న నామం పెట్టుకోనిదే మంచినీళ్ళు కూడా ముట్టడు. ఫస్ట్ షిఫ్టు రోజుల్లో తెల్లవారకముందే స్నానం చేసి, నామాల పెట్టె తెరుచుకుని కూర్చునేవాడు. ఎడమ అరచేతిలో నీటిచుక్క వేసి తిరుమణి అనే తెల్లమట్టి ముద్దను అరగదీసేవాడు. ముక్కు మొదట్లో వేలితో పీఠం, అక్కణ్ణుంచి నుదుటి పైదాకా ఇత్తడి పుల్లతో రెండు తెల్ల గీతలు, నడుమ ఎర్ర చూర్ణం. తెల్లవి స్వామి పాదాలని, ఎర్రది అమ్మవారని చెప్పేవాడు. మొత్తం రెండు నిమిషాల పని. ఆ తర్వాతే టిఫినూ, సైకిలూ, ప్లాంటూ.

ఆ ఉక్కు ప్లాంటులో హిందీవాళ్ళు ఆయన్ని 'ఏక్ సౌ గ్యారహ్' అని పిలిచేవారట. నుదుటి మీద మూడు నిలువు గీతలున్న మనిషికి నూట పదకొండు కంటే మంచి పేరేముంటుంది! ఆయనా నవ్వేవాడు. ఉద్యోగం మెషిన్ షాపులో మార్కర్. ఉక్కు ప్లేటుకు సుద్ద పూసి, ఎక్కడ కొయ్యాలో, ఎక్కడ చిల్లు వెయ్యాలో సన్నటి గీతలు గీసి పంపడం. ఆయన గీసిన దాన్ని చూసుకునే మిగతావాళ్ళు కోసేవారు.

అంతటి చెయ్యీ రిటైరైన మూడో ఏట వణకడం మొదలుపెట్టింది. కుడిచెయ్యి మాత్రమే. పొద్దున్న ఏడున్నరకల్లా ఏదో ఒకటి తిని మాత్ర వేసుకోవాలనీ, వేళ తప్పితే రోజంతా చెడుతుందనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. మాత్ర పడితేగాని చెయ్యి నిలవదు. చెయ్యి నిలిస్తేగాని నామం రాదు. నామం లేనిదే ఆయన తినడు, తిననిదే మాత్ర లేదు. రోజూ పొద్దున్న మా క్వార్టర్లో జరిగే భాగోతం ఇదే.

ఆరున్నరకి అద్దం ముందు కూర్చుంటాడు. గీత వంకర పోతుంది. కడుక్కుంటాడు. మళ్ళీ మొదలు. ఒక్కోరోజు ఎనిమిదవుతుంది, ఒక్కోరోజు తొమ్మిది. నేను ఎనిమిదింబావుకి స్కూటీ తీస్తేగాని ఊరవతల జాముల్‌లో ఉన్న మా ఆఫీసుకు సమయానికి చేరను. అద్దం మూలన అంటించిన స్టిక్కర్ బొట్టు పీకి నుదుట నొక్కుకోవడానికి నాకు ఒక్క క్షణం చాలు. పక్కనే ఆయన నాలుగోసారి ముఖం కడుక్కుంటుంటే ఆ ఒక్క క్షణానికే సిగ్గేసేది. సిగ్గేసినప్పుడు నాకు కోపం వస్తుంది. అది నా జబ్బు.

ఒకరోజు ఎనిమిదయ్యేసరికి ఓర్చుకోలేక ఆయన చేతిలో పుల్ల లాక్కున్నాను. గడ్డం పట్టుకుని, చకచకా మూడు గీతలూ గీసేశాను. బాగానే వచ్చాయి కూడా. "అయిపోయింది నాన్నా. అబ్ ఖా లో, ఇక తిను," అని బండి తీశాను.

పదకొండున్నరకి అమ్మ ఫోన్ చేసింది. "నువ్వెల్లీసరికే కడిగీసుకున్నారే. మల్లీ మొదలెట్టేరు. ఇప్పుడు కుళాయికాడ పడిపోనారు."

నేను వచ్చేసరికి మోకాలికి కట్టు కట్టించుకుని మంచం మీద కూర్చున్నాడు. కడుపులో ఏమీ లేదు. నుదుటి మీద సగం గీత. నాకు భయం పోయి కోపం తన్నుకొచ్చింది. "ఆ గీతల్లేకపోతే దేవుడు నిన్ను పోల్చుకోలేడా? నేను గీసినవి గీతలు కావా?" అని అరిచాను. పక్క క్వార్టర్ దీదీ కిటికీలోంచి చూసింది. చూస్తే చూడనీ అనుకున్నాను.

ఆయన అరవలేదు. "ప్లేటు మీద గీత ఎవులు గీస్తే కాయితం మీద సంతకం ఆలదే. ఇంకోడు గీసిన దానికి నానెప్పుడూ సంతకం పెట్టలేదమ్మా. నా నుదుటి మీద నువ్వు గీస్తే ఆ సంతకం నీది. నాది కాదు."

"అయితే మాత్ర?"

"చెయ్యి నిలిస్తే ఏసుకుంటాను."

ఇక ఆయనతో వాదించి లాభం లేదు. ఆయన కూతుర్ని కాబట్టి నేనూ వదలదలుచుకోలేదు. ఆయన మొండితనం ఆయనకుంటే నా మొండితనం నాకుంది. ఏడున్నరకి ఆ మాత్ర పడాలి, ఆ నామం ఆయనదే కావాలి. దారి లేదంటే నేను ఒప్పుకోను.

రెండు రోజులు అదే ఆలోచన. మూడో రోజు ఆఫీసులో బిల్లులు సర్దుతుంటే చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. ఒకసారి కుటుంబాలను ప్లాంటు లోపలికి రానిచ్చారు. నాన్న నన్ను ప్లేనర్ మెషిన్ దగ్గరికి తీసుకెళ్ళాడు. మంచమంత బల్ల మీద ఇనప దిమ్మ బిగించి ఉంది. ఆ బల్లే ముందుకూ వెనక్కూ నడుస్తోంది. పైన ఉలి మాత్రం కదలకుండా నిలబడి ఉంది. దిమ్మ దాని కిందనుంచి వెళ్ళినప్పుడల్లా తిన్నని గాడి పడుతోంది. "ఉలి కదలదా?" అని అడిగాను. "టూల్‌ని బిగించీడమే. కదలాల్సింది జాబ్," అన్నాడు. దిమ్మను వాళ్ళు జాబ్ అంటారు.

ఆయన చెయ్యి వణుకుతుంది. తల వణకదు.

సాయంత్రం ఇంటికి రాగానే నామాల పెట్టె ఆయన ముందు పెట్టాను. "పుల్ల నేను పట్టుకుంటాను. కదపను. నువ్వు తల కదుపు. ప్లేనర్ లాగ. టూల్ నేను, జాబ్ నువ్వు. గీసేది నువ్వే. సంతకం నీదే."

ఆయన పెట్టెలోంచి పుల్ల తీసి నా వేళ్ళకేసి చూశాడు. తర్వాత, "నీ చెయ్యి నిలుస్తాదేటి?" అన్నాడు.

పరీక్ష పెట్టాడు. బల్ల మీద రెండు దిండ్లు, వాటి మీద నా మోచెయ్యి, వేళ్ళ మధ్య పుల్ల. ఎదురుగా గోడ మీద చుక్క పెట్టి, దాన్ని చూస్తూ వంద లెక్కపెట్టమన్నాడు. నలభైకే పుల్ల ఊగింది. "ఫెయిల్," అన్నాడు. అమ్మ చపాతీ పిండి కలుపుతూ పకపకా నవ్వింది. "నవ్వితే ఇంకా కదిలిపోతాది, నువ్వూరుకో," అని ఆమెను కసిరాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ వారమంతా ఆఫీసు నుంచి రాగానే దిండ్ల మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టాను. అరవై. ఎనభై. మోచెయ్యి దిండు మీద కాదు, చెక్క పీట మీద పెట్టాలని నేనే కనిపెట్టాను. ఆదివారం నాటికి వంద దాటింది. ఆయన నా ముంజేతిని అటూ ఇటూ తట్టి చూశాడు. బిగింపు సరిగ్గా ఉందో లేదో చూసే పద్ధతి అది.

సోమవారం పొద్దున్న ఏడింటికి కూర్చున్నాం. తిరుమణి ఎడమ అరచేతిలో ఆయనే అరగదీసుకున్నాడు. పీఠం ఆయనే అద్దుకున్నాడు. పుల్ల ఆ తడిలో ముంచి నా వేళ్ళ మధ్య పెట్టి, ఎత్తు సరిచేశాడు. కుడిచేతిని ఒళ్ళో కిందకి నొక్కిపెట్టుకున్నాడు. కనుబొమ దగ్గర పుల్ల మొన తగిలేలా ముఖం దగ్గరకు తెచ్చి, ఊపిరి బిగబట్టి, మెల్లగా తల వంచడం మొదలుపెట్టాడు.

తల కిందికి దిగుతుంటే గీత పైకి పాకింది. తిన్నగా. దారం పట్టి గీసినట్టు.

రెండో గీతకి మళ్ళీ వంగాడు. పల్చబడిన జుట్టూ, నడినెత్తిన పాత దెబ్బ మచ్చా నా కళ్ళకి నాలుగు వేళ్ళ దూరంలో ఉన్నాయి. నేను వంగి ఈయన కాళ్ళకు దణ్ణం పెట్టడమే గాని, ఈయన ఎవరి ముందైనా ఇంతగా తల వంచడం నేను చూడలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగి, పుల్ల కదిలిపోతుందేమోనని గట్టిగా మూసుకున్నాను.

వంచిన తల ఎత్తకుండానే ఆయన అన్నాడు. "కళ్ళు తెరువమ్మా. ఎర్ర గీత ఉంది ఇంకా."

తెరిచాను. గోడ మీద గడియారం ఏడూ ఇరవై చూపిస్తోంది.